మీ ఎయిర్ రైఫిల్‌కి ఏ పెల్లెట్ నప్పుతుందో తేల్చుకోవడం ఎలా?

"ఏ పెల్లెట్ కొనమంటారు సార్?" షూటింగ్ రేంజ్‌లో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. పెల్లెట్ అంటే ఎయిర్ రైఫిల్ కాల్చే చిన్న సీసపు గుండు. ఎక్కువగా అడిగేది పిల్లల తల్లిదండ్రులు. నా నోటి నుంచి ఒక బ్రాండు పేరు రాలిపడుతుందని ఎదురుచూస్తారు. నేను చెప్పను. ఒకే కంపెనీ, ఒకే మోడల్, పక్కపక్క సీరియల్ నంబర్లున్న రెండు రైఫిళ్లు రెండు వేర్వేరు డబ్బాలను ఇష్టపడటం చూశాను. నేను చెప్పగలిగేది తేల్చుకునే పద్ధతి ఒక్కటే. ఈసారి దాన్ని వరుసగా రాసి పెడుతున్నాను.

మందుగుండుతో పేలే పెద్ద రైఫిల్ వాళ్లు కొన్ని దేశాల్లో తూటాలు సొంతంగా నింపుకుని, తమ బ్యారెల్‌కి తగ్గట్టు సరిచేసుకుంటారు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే నేరం. ఎయిర్ రైఫిల్‌లో అయితే నింపడానికి అసలు ఏమీ ఉండదు. మన చేతిలో ఉన్నది ఎంపిక మాత్రమే. అందుకే ఆ ఎంపిక సరిగ్గా చేయాలి.

ఇక్కడ చెప్పేదంతా 10 మీటర్ల పోటీల్లో వాడే, సిలిండర్‌లో గాలి నింపుకునే 4.5 మి.మీ. రైఫిల్ గురించి.

1. ఇది మీకు ఇప్పుడు అవసరమా?

ముందు టార్గెట్ లెక్క చూద్దాం. పది రింగు వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు, అంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ కేంద్రం నుంచి 2.5 మి.మీ. లోపు తగిలితే 10.0 వస్తుంది. అక్కడి నుంచి లోపలికి ప్రతి 0.25 మి.మీ.కి ఒక దశాంశం పెరుగుతుంది. 10.9 రావాలంటే 0.25 మి.మీ. లోపు తగలాలి.

మీ చేతి వణుకు, పెల్లెట్ చెదురు రెండూ కలిసి టార్గెట్ మీద పడతాయి. కానీ అవి నేరుగా కూడవు, వర్గాలుగా కూడతాయి. అంటే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది.

60 షాట్లకు దశాంశాలతో కలిపి 594 కొట్టే పిల్లాడికి, పది షాట్లు కలిసి 6.4 మి.మీ. రంధ్రం చేసే పెల్లెట్ తీసేసి 5.5 మి.మీ. రంధ్రం చేసేది ఇచ్చారనుకోండి. లెక్క ప్రకారం వాడికి ఒకటిన్నర పాయింటు కూడా పెరగదు. అదే మార్పు 624 కొట్టే అమ్మాయికి రెండున్నర పాయింట్ల పైన తెచ్చిపెడుతుంది. ఆ స్థాయిలో రెండున్నర పాయింట్లంటే ఫైనల్‌కి వెళ్లడమా, గ్యాలరీలో కూర్చోవడమా అన్నంత తేడా.

అందుకని నా సలహా ఇది. స్కోరు 610 దాటనంత వరకు పేరున్న ఏదో ఒక మ్యాచ్ (పోటీ) పెల్లెట్ తీసుకుని, మార్చకుండా వాడండి. ఆ డబ్బు, ఆ సమయం హోల్డింగ్ (రైఫిల్‌ను కదలకుండా పట్టడం) మీద, ట్రిగ్గర్ మీద పెట్టండి. 610 దాటాక ఇక్కడికి రండి.

2. ముందుగా సమకూర్చుకోవలసినవి

- నాలుగు రకాల మ్యాచ్ పెల్లెట్లు, ఒక్కో డబ్బా చొప్పున
- కనీసం 30 అసలైన పేపర్ టార్గెట్ కార్డులు. జిరాక్స్ కాగితం చిరుగుతుంది, రంధ్రం అంచు తెలియదు
- డిజిటల్ వెర్నియర్ కాలిపర్స్
- బెంచ్ వైస్ (రైఫిల్‌ను కదలకుండా పట్టే బిగింపు), లేదా గట్టి బల్ల, రెండు ఇసుక సంచులు
- బ్యారెల్ శుభ్రం చేసే ఫెల్ట్ పెల్లెట్లు
- టార్క్ రెంచ్ లేదా సరైన అలెన్ కీ
- నిండు సిలిండర్, దగ్గర్లో మళ్లీ నింపుకునే వీలు
- నోట్‌బుక్, స్కెచ్ పెన్ను
- తోడుగా ఒక మనిషి

చివరిది అలంకారానికి పెట్టలేదు. ఆ మనిషి పని ఏమిటో ఆరో అంచెలో తెలుస్తుంది.

కళ్లద్దాలు పెట్టుకోవడం, టార్గెట్ వెనక సరైన పెల్లెట్ ట్రాప్ ఉండటం, కార్డు మార్చడానికి ఎవరైనా ముందుకు వెళ్తే సేఫ్టీ ఫ్లాగ్ (బ్యారెల్ ఖాళీ అని చూపే రంగు తీగ) పెట్టి రైఫిల్‌ను కింద పెట్టేయడం ఎప్పుడూ ఉండేవే. పెల్లెట్ అంటే సీసం. పని అయ్యేదాకా బిస్కెట్లు, టీ వద్దు. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

3. డబ్బా మీద ఏం చదవాలి?

*ఆకారం.* ముందు భాగం చదునుగా ఉండే వాడ్‌కట్టర్ మాత్రమే. కాగితంలో గుండ్రటి, శుభ్రమైన రంధ్రం అదే చేస్తుంది. మొన దేలినవి, గుండుతలవి ఈ ఆటకు పనికిరావు.

*బరువు.* రైఫిల్ మ్యాచ్ పెల్లెట్లు ఎక్కువగా 0.53 గ్రాముల దగ్గర ఉంటాయి. పిస్టల్‌వి కొంచెం తేలిక. డబ్బాలు చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి మూత మీద బరువు చదవండి.

*హెడ్ సైజు.* 4.49, 4.50, 4.51 లాంటి అంకె ఇది. పెల్లెట్ తల వ్యాసం, మి.మీ.లో. బ్యారెల్ లోపలి గాట్ల మీద కూర్చునేది ఈ తలే. వెనక ఉన్న పల్చటి స్కర్ట్ గాలి ఒత్తిడికి విచ్చుకుని గాలి పక్కనుంచి పోకుండా ఆపుతుంది. మొదటి పరీక్షకు 4.49, 4.50 చాలు.

*లాట్ నంబర్.* అందరూ వదిలేసేది ఇదే. ఒకే విడతలో తయారైన పెల్లెట్లు ఒక లాట్. డబ్బా అడుగునో, పక్కన స్టిక్కర్ మీదో ఉంటుంది. పెల్లెట్లను అచ్చు వేసే డైలు అరిగిపోతుంటాయి, మారుతుంటాయి. అందువల్ల పేరు, సైజు ఒకటే అయినా లాట్ మారితే పెల్లెట్ మారినట్టే లెక్క.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. ఒక దుకాణం నుంచి పది డబ్బాల కట్ట తెప్పించాను. పైన ఆరు ఒక లాట్, కింద నాలుగు వేరే లాట్. మూత అదే, రంగు అదే. ఏడో డబ్బా తెరిచింది రాష్ట్ర పోటీకి సరిగ్గా వారం ముందు. పదులు తొమ్మిదిన్నరలైపోయాయి. నాలుగు రోజులు నా భుజాన్ని, షూటింగ్ జాకెట్టును, చివరికి నిద్రను కూడా అనుమానించాను. డబ్బా తిప్పి చూడాలని మాత్రం తోచలేదు.

మన దగ్గర సాధారణంగా కనబడేవి ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్, చైనా నుంచి వచ్చే క్యూవైఎస్. ఏది దొరికితే అది తీసుకోండి, కానీ ఒక షరతు. నప్పిందని తేలాక అదే లాట్‌లో ఇంకో పది డబ్బాలు ఇవ్వగలరా అని దుకాణంలో ముందే అడగండి. ఇవ్వలేమంటే ఆ డబ్బాను పరీక్షించి ప్రయోజనం లేదు.

4. రైఫిల్‌ను సిద్ధం చేయడం

రైఫిల్‌లో లోపం పెట్టుకుని పెల్లెట్‌ను తిట్టడం చాలా మామూలు. ఈ వరుసలో చూసుకోండి:

1. స్టాక్‌ను (భుజానికి ఆనించే చట్రాన్ని) పట్టి ఉంచే స్క్రూలు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి.
2. బ్యారెల్ ముందు బరువులు, ఫోర్‌సైట్ టన్నెల్ (ముందు గురి గొట్టం), వెనక డయాప్టర్ (కన్ను పెట్టి చూసే గురి) కదులుతున్నాయేమో వేలితో ఊపి చూడండి.
3. బ్యారెల్‌లో రెండు మూడు ఫెల్ట్‌లు పొడిగా పంపండి. నల్లగా వస్తే ఇంకో రెండు. నూనె వద్దు.
4. తర్వాత 20 పెల్లెట్లు ఊరికే కాల్చండి. శుభ్రం చేసిన వెంటనే వచ్చే గ్రూప్‌ను (ఒకే కార్డు మీద పడిన షాట్ల గుంపును) నమ్మొద్దు, బ్యారెల్ లోపల సీసం పూత సమంగా పట్టాలి.
5. సిలిండర్ మీద గడువు తేదీ చూడండి. పదేళ్లు దాటినది పోటీకి పనికిరాదు, నింపడమూ ప్రమాదమే. దాని మీద రాసిన ఒత్తిడిని మించి ఎప్పుడూ నింపొద్దు.

గాలి గురించి కొంచెం ఆగి చెప్పాలి. మ్యాచ్ రైఫిల్ నుంచి పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది. పది మీటర్లు దాటే లోపు భూమ్యాకర్షణ దాన్ని 17 మి.మీ. కిందకు లాగుతుంది. వేగం సెకనుకు 1 మీటరు తగ్గితే ఇంకో 0.2 మి.మీ. కిందకు పోతుంది. అంటే 3 మీటర్ల తేడా వచ్చిందంటే రెండు దశాంశాలు పోయినట్టే. ప్రతి షాట్‌కీ గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్ సరిగ్గా పనిచేయకపోతే ఏ పెల్లెట్ పెట్టినా గ్రూప్ నిలువుగా సాగుతుంది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అరువు దొరికితే ఒక్క గంట వాడుకోండి, బోలెడు అనుమానాలు తీరిపోతాయి.

5. బిగించడం

వైస్ ఉంటే: స్టాక్ విప్పి, బ్యారెల్‌తో ఉన్న యాక్షన్‌ను (కాల్చే యంత్రభాగాన్ని) దాని స్క్రూ రంధ్రాల దగ్గరే బిగించాలి. సిలిండర్‌ను పట్టి నొక్కకూడదు. బ్యారెల్ దేనికీ ఆనకూడదు. వైస్ ఉన్న బల్ల నేలకు బిగించి ఉండాలి. పక్కవాడు నడిస్తే కదిలే బల్ల మీద పరీక్ష చేయడం కన్నా మానేయడం మేలు.

వైస్ పట్టు తెలుసుకోవడానికి ఒకే డబ్బాతో రెండు కార్డుల మీద పదేసి కాల్చండి. ఏమీ ముట్టుకోకుండానే రెండో గ్రూప్ పక్కకు జరిగిందంటే బిగింపు జారుతోంది.

వైస్ లేకపోతే: మనలో చాలామంది పరిస్థితి ఇదే, సిగ్గుపడక్కర్లేదు. బల్ల ముందు కుర్చీలో కూర్చుని, ఫోర్‌ఎండ్ (స్టాక్ ముందు భాగం) కింద ఒక ఇసుక సంచి, బట్ (భుజానికి ఆనే వెనక భాగం) కింద ఒకటి పెట్టండి. సంచి తగిలేది స్టాక్‌కే, బ్యారెల్‌కి కాదు. ఫోర్‌ఎండ్ మీద చిన్న టేపు ముక్క అంటించి, ప్రతి షాట్‌కీ సంచి అంచు ఆ టేపు దగ్గరే ఉండేలా చూడండి. చెంప ఒత్తిడి మారకూడదు. గ్రూపులు వైస్ కన్నా పెద్దవే వస్తాయి. బాగా తేడా ఉన్న డబ్బాలను ఇలా వేరు చేయగలరు కానీ, అతి సన్నని తేడాలు దొరకవు.

6. కాల్చే వరుస

అసలు పరీక్ష చెడేది ఇక్కడే. మామూలుగా ఏం చేస్తారంటే, ఒక డబ్బా తీసి యాభై కాల్చి, పక్కన పెట్టి, ఇంకోటి తీస్తారు. చివరి డబ్బా దగ్గరికి వచ్చేసరికి సిలిండర్ తగ్గి ఉంటుంది, గది వేడెక్కి ఉంటుంది, కాల్చేవాడు విసిగిపోయి ఉంటాడు. తప్పు ఆ చివరి డబ్బా మీద పడుతుంది.

ఇలా చేయండి:

1. మీ తోడు మనిషి నాలుగు డబ్బాల పెల్లెట్లను నాలుగు ఒకేలాంటి గిన్నెల్లో పోసి, వాటికి క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టాలి. ఏది ఏదో ఆ మనిషికే తెలియాలి. ఖరీదైన డబ్బా గెలవాలని మన మనసు కోరుకుంటుంది, ట్రిగ్గర్ వేలు దాని మాట వింటుంది.
2. మొదటి రౌండు: క, ఖ, గ, ఘ. రెండో రౌండు: ఘ, గ, ఖ, క. ఇలా మార్చి మార్చి మొత్తం అయిదు రౌండ్లు.
3. గిన్నె మారిన ప్రతిసారీ మొదటి పది పెల్లెట్లు లెక్కలోకి రాని వేరే కార్డు మీద కాల్చాలి. ముందటి పెల్లెట్ వదిలిన పూత పోవాలి కదా.
4. తర్వాతి పది ఒకే కార్డు మీద, ఒకే గ్రూప్‌గా. కార్డు వెనక అక్షరం, రౌండు నంబర్, సిలిండర్ ఒత్తిడి రాయాలి.
5. ప్రతి రౌండు మొదట్లో సిలిండర్ ఒకే ఒత్తిడి దగ్గర ఉండాలి. కొంచెం తగ్గినా నింపుకోండి.
6. పెల్లెట్ పెట్టే ముందు స్కర్ట్ చూడండి. నొక్కుకుపోయి ఉంటే పారేయండి. చేతిలోకి తీసుకున్నది జారి నేల మీద పడినా అంతే.

మొత్తం నాలుగు వందల లోపు పెల్లెట్లు, దాదాపు మూడు గంటల పని. ఒకే రోజు, ఒకే విడతలో అయిపోవాలి. సగం ఇవాళ, సగం వచ్చే ఆదివారం అంటే మళ్లీ మొదటికే వస్తుంది.

అయిదేసి షాట్ల గ్రూపులు చాలవా అని అడుగుతారు. చాలవు. అయిదు షాట్లలో అదృష్టం పాలు మరీ ఎక్కువ. పది షాట్లలోనూ ఉంటుంది: ఒకే మంచి డబ్బాతో పది గ్రూపులు కొడితే ఒకటి 5.2, ఇంకోటి 5.9 రావడం వింతేమీ కాదు. అందుకే అయిదు గ్రూపుల సగటు చూస్తాం.

7. కొలవడం, నిర్ణయించడం

కాలిపర్స్‌తో రంధ్రం బయటి అంచు నుంచి బయటి అంచు దాకా, అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట కొలవాలి. అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 తీసేస్తే అసలు చెదురు తెలుస్తుంది. రెండు సార్లు కొలవండి. ఇద్దరూ చెరోసారి కొలిస్తే ఇంకా మంచిది.

ఉదాహరణకు మూడు గిన్నెల అంకెలు మి.మీ.లో ఇలా వచ్చాయనుకుందాం:

- క: 5.3, 5.6, 5.5, 5.4, 5.7. సగటు 5.5
- ఖ: 5.1, 6.2, 5.4, 6.0, 5.8. సగటు 5.7
- గ: 6.3, 6.6, 6.1, 6.8, 6.2. సగటు 6.4

గ పోయినట్టే, ఆలోచించక్కర్లేదు. చాలామంది ఖ దగ్గర బోల్తా పడతారు. ఆ 5.1 కార్డును ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, పది డబ్బాలు ఆర్డర్ చేసేస్తారు. అదే డబ్బా 6.2 కూడా కొట్టిందని మరిచిపోతారు. పోటీలో అందమైన గ్రూప్ ఒక్కటే రాదు, 60 షాట్లూ వస్తాయి.

అలాగని క గెలిచిందని కూడా ఇప్పుడే అనలేం. 0.2 మి.మీ. తేడా అదృష్టం వల్ల కూడా రావచ్చు. ఈ రెంటికే ఇంకో రోజు మరో అయిదు రౌండ్లు పెట్టండి. అప్పుడూ విడిపోకపోతే రెండూ సమానమే అనుకుని, ఏ లాట్ ఎక్కువ దొరుకుతుందో అది కొనండి.

ఎలక్ట్రానిక్ టార్గెట్ మీదే చేయొచ్చా? చేయొచ్చు, ప్రతి షాట్ తగిలిన చోటును అదే రాసిపెడుతుంది కాబట్టి హాయి. కాకపోతే యంత్రానికీ సొంత పొరపాటు కొంత ఉంటుంది. చివరి రెండు డబ్బాల మధ్య తేల్చేటప్పుడు మాత్రం నేను కాగితమే నమ్ముతాను.

8. గ్రూప్ ఆకారం ఏం చెబుతోంది?

*నిలువుగా సాగితే:* వేగం మారుతోంది. అన్ని గిన్నెలకూ ఇలాగే వస్తే రెగ్యులేటర్‌ను, సిలిండర్ ఒత్తిడిని చూడండి. ఒక్క గిన్నెకే వస్తే ఆ పెల్లెట్ ఈ బ్యారెల్‌లో వదులుగానో బిగుతుగానో ఉంది. వేరే హెడ్ సైజు ప్రయత్నించొచ్చు.

*అడ్డంగా సాగితే:* పెల్లెట్ తప్పు అరుదు. వైస్ జారడం, సంచి మీద రైఫిల్ పక్కకు ఒరగడం, ట్రిగ్గర్‌ను పక్కకు లాగడం చూసుకోండి.

*తొమ్మిది ఒకచోట, ఒకటి దూరంగా:* నొక్కుకుపోయిన స్కర్ట్ కావచ్చు. దాన్ని తీసేసి కొలవాలనిపిస్తుంది, తీయొద్దు. అయిదు గ్రూపుల్లో మూడింటికి ఇలాంటిది వచ్చిందంటే ఆ డబ్బా గుణమే అది.

*రెండు గుంపులు:* ఏదో వదులుగా ఉంది. కాల్చడం ఆపి నాలుగో అంచెకు వెళ్లండి.

పెల్లెట్లను బరువు తూచి వేరు చేయడం గురించి కూడా అడుగుతుంటారు. మిల్లీగ్రాము త్రాసు కొని రెండు నెలలు సాయంత్రాలన్నీ అదే పని చేశాను. మా ఆవిడ బంగారం షాపు పెట్టారా అని అడిగింది. మంచి మ్యాచ్ డబ్బాలో దాని వల్ల నాకు కనబడిన తేడా ఏమీ లేదు. స్కర్ట్ చూసి పెట్టుకుంటే చాలు.

9. చేతుల్లో నిర్ధారణ

గెలిచిన డబ్బాతో జాకెట్టు వేసుకుని, నిలబడి, పూర్తి 60 షాట్లు ఆడండి. కనీసం మూడు రోజులు. కొత్త పెల్లెట్‌తో తగిలే చోటు జరుగుతుంది, గురిని జరిపే సైట్ క్లిక్కులు మళ్లీ సరిచేసుకోవాలి. ఎన్ని క్లిక్కులు, ఏ వైపు అన్నది నోట్‌బుక్‌లో రాయండి.

పోటీకి రెండు వారాల లోపు పెల్లెట్ మార్చొద్దు. ఎంత మంచిది దొరికినా సరే. ఆ టెన్షన్‌లో చెడ్డ షాట్ పడితే తప్పు మీదా పెల్లెట్‌దా అన్న అనుమానం మొదలవుతుంది, అది పెల్లెట్ కన్నా ఎక్కువ పాయింట్లు తింటుంది.

10. కట్ట కొని దాచుకోవడం

ఎన్ని కొనాలో లెక్క: రోజుకు 80 షాట్లు, వారానికి అయిదు రోజులు, ఏడాదికి 48 వారాలు అంటే 19,200. డబ్బాకు 500 చొప్పున 39 డబ్బాలు. అన్నీ ఒకేసారి కొనలేకపోతే గెలిచిన లాట్‌ను పోటీలకు, వాటి ముందు రెండు వారాలకు దాచుకోండి. మిగతా రోజుల సాధనకు రెండో స్థానంలో వచ్చినది వాడుకోండి.

పార్సెల్ రాగానే:

- ప్రతి డబ్బా తిప్పి లాట్ నంబర్ చూడండి, పైదొక్కటే కాదు
- తేడా ఉంటే మూత తెరవకుండానే వెనక్కి పంపండి
- ఏవైనా రెండు డబ్బాల నుంచి ఒక్కో పది షాట్ల గ్రూప్ కొట్టి పాత సగటుతో పోల్చండి
- మూత మీద కొన్న తేదీ, సైట్ క్లిక్కులు రాయండి

డబ్బాలు ఊపొద్దు, బైక్ డిక్కీలో వేసుకుని తిరగొద్దు. సీసం మెత్తన, స్కర్ట్‌లు ఒకదానికొకటి తగిలి నొక్కుకుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల తేమకు పెల్లెట్ల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. తెల్లబడినవి తుడిచి వాడాలని చూడకండి. ఆ పొడిని పీల్చడం ఒంటికీ మంచిది కాదు, బ్యారెల్‌కీ మంచిది కాదు.

కట్టలో అయిదు డబ్బాలు మిగిలాయనగానే కొత్త లాట్ వేట మొదలుపెట్టండి. ఆ అయిదులో ఒకదాన్ని పక్కన పెట్టి, మీద "కొలబద్ద" అని రాయండి. వచ్చే పరీక్షలో గిన్నె క అదే.